ట్రిగ్గర్ మొరాయిస్తే తప్పెవరిది?

చెన్నైలో తిరువాన్మియూరు దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుంటే కోవళం దాకా సముద్రం ఎడమచేతి వైపే ఉంటుంది. ఆ దారిలో ఉన్న ఆటస్థలాలకు శని, ఆదివారాల్లో పాత మహాబలిపురం రోడ్డు ఐటీ కంపెనీల నుంచి కుర్రకారు టీమ్ ఔటింగ్‌కి వస్తుంటారు. వాళ్లలో మన తెలుగువాళ్లకు కొదవుండదు. ఒంటికి రక్షణ చొక్కా తొడుక్కుని, ముఖానికి మాస్కు బిగించుకుని, రంగుబంతులు పేల్చుకునే పెయింట్‌బాల్ ఆడతారు. పది నిమిషాలు గడిచేసరికి ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. “అన్నా, ట్రిగ్గర్ వర్క్ అవ్వట్లేదు.”

ఆటగాడి వేలికి తగిలేది ట్రిగ్గరొక్కటే. అందుకని లోపల ఏ మూల ఏది చెడినా నింద దాని మీదే పడుతుంది. తీరా విప్పి చూస్తే ట్రిగ్గర్ అనేది పిన్ను మీద ఊగే ఒక మీట, అంతే. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. చెడేవన్నీ దాని వెనకాల ఉంటాయి: కొక్కెం, స్ప్రింగులు, రబ్బరు రింగులు, గ్యాసు, ఆఖరికి రంగుబంతి తొడుగు కూడా. చెన్నై ఎండ, ఉప్పుగాలి, ఉక్కపోత ఒక్కొక్కటి ఒక్కోదాని పని పడతాయి. ఈ ఊళ్లో మార్కర్, అంటే ఆ రంగుబంతులు పేల్చే తుపాకీ, బాగుచేయాలంటే స్క్రూడ్రైవర్ కంటే ముందు కొంచెం భౌతికశాస్త్రం, ఇంకొంచెం రసాయనశాస్త్రం కావాలి.

మార్కర్ అసలు ఆటవస్తువుగా పుట్టలేదు. అడవిలో కొట్టాల్సిన చెట్లకు, మందలో వేరుచేయాల్సిన పశువులకు దూరం నుంచే రంగు గుర్తు పెట్టడానికి అమెరికాలో నెల్సన్ పెయింట్ కంపెనీ దాన్ని తయారుచేయించింది. అలా వచ్చిన నెల్‌స్పాట్ 007 చేతబట్టి 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గరి అడవిలో 12 మంది మొట్టమొదటి ఆట ఆడారు. అందులో గెలిచిన రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి ఒక్కసారి కూడా పేల్చకుండానే జెండాలన్నీ సేకరించుకొచ్చాడు. పెయింట్‌బాల్ చరిత్రలో ట్రిగ్గర్ మీద ఫిర్యాదు చేసే అవసరమే రాని ఆటగాడు అతనొక్కడే అనుకుంటాను!

నెల్‌స్పాట్‌ని ప్రతి దెబ్బకూ చేత్తో బిగించుకోవాలి. ఇప్పటి అద్దె మార్కర్లలో ఆ పని గ్యాసే చేసిపెడుతుంది. టిప్‌మన్ కంపెనీ 1998లో తెచ్చిన మోడల్ 98 ఇందుకు మంచి ఉదాహరణ. దాని లోపల బలమైన స్ప్రింగును అదిమిపెట్టి ఒక బరువైన ఉక్కు ముక్క ఉంటుంది. దాన్ని హ్యామర్ అందాం. అది ముందుకు దూకకుండా సియర్ అనే చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది. హ్యామర్ ముందుకు దూకుతూ, తనకు కడ్డీతో జతచేసిన బోల్టును లాక్కెళ్లి, బంతిని గొట్టంలోకి నెట్టి, వెళ్లి వాల్వు పిన్నును గుద్దుతుంది. వాల్వు తెరుచుకోగానే గ్యాసు రెండు పాయలవుతుంది. ఒక పాయ ముందుకుపోయి బంతిని తరుముతుంది. ఇంకో పాయ హ్యామర్‌ను వెనక్కి తోసి మళ్లీ కొక్కేనికి తగిలిస్తుంది. ఇదంతా కనురెప్ప వేసేలోపు అయిపోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. హ్యామర్ వెనక్కి వచ్చేసరికి మన వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. అంత వేగంగా వేలు తీయడం మనిషి వల్ల కాదు. మరి ట్రిగ్గర్ నొక్కే ఉంటే కొక్కెం ఎలా పట్టుకుంటుంది? తయారుచేసినవాళ్ల తెలివి ఇక్కడే కనిపిస్తుంది. సియర్‌లో పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. హ్యామర్‌ను వదిలిన క్షణంలో సియర్ ఆ కోల రంధ్రం వెంబడి కొద్దిగా జరిగి ట్రిగ్గర్ పట్టు నుంచి తప్పించుకుంటుంది, సన్నని స్ప్రింగు సాయంతో మళ్లీ పైకి లేచి హ్యామర్ కోసం కాచుకుంటుంది. మనం వేలు తీసినప్పుడే ట్రిగ్గర్ మళ్లీ దాని కిందికి చేరుతుంది. ఒక నొక్కుకు ఒకే బంతి వెళ్లడం వెనకున్న కిటుకంతా ఆ కోల రంధ్రంలోనూ ఆ సన్నని స్ప్రింగులోనూ ఉంది.

కాబట్టి ‘ట్రిగ్గర్ పనిచేయట్లేదు’ అనే మార్కర్ చేతికొస్తే మొదట చేయాల్సింది గ్యాసును కథలోంచి తప్పించడం. కళ్లకు అద్దాలు తీయకుండా, గొట్టానికి గుడ్డ తొడుగు వేసి, బంతుల డబ్బా తీసేసి, సిలిండర్ విప్పేసి, లోపల మిగిలిన గ్యాసు పోయేదాకా నేలవైపు తిప్పి ఒకటి రెండుసార్లు నొక్కాలి. తర్వాత పక్కనున్న పిడిని చేత్తో వెనక్కి లాగితే ‘టక్’మని హ్యామర్ కొక్కేనికి తగలాలి. ట్రిగ్గర్ నొక్కితే ముందుకు దూకాలి. ఇప్పుడు వేలు తీయకుండానే, ట్రిగ్గర్ నొక్కిపట్టే, పిడిని మళ్లీ లాగండి. సియర్ ఆరోగ్యంగా ఉంటే ఇప్పుడు కూడా పట్టుకుంటుంది. వేలు మెల్లగా వదిలితే లోపల ఇంకో చిన్న చప్పుడు, ట్రిగ్గర్ తన చోటికి చేరిన చప్పుడు వినబడుతుంది. మొదటిసారి పట్టి రెండోసారి పట్టకపోతే ఆ సన్నని సియర్ స్ప్రింగు విరిగిందనో, తుప్పుపట్టి సాగిందనో, కోల రంధ్రంలో రంగు ఎండి అడ్డుపడిందనో అర్థం. రెండుసార్లూ జారిపోతే కొక్కెం అంచు అరిగింది.

అంచు అరుగుదల కంటికి తెలుస్తుంది. సియర్‌ను బయటికి తీసి దీపం కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. పదునుగా ఉన్న అంచు మీద వెలుగు నిలవదు, నల్లని గీతలా ఉంటుంది. అరిగి గుండ్రబడిన అంచు మీద సన్నని తెల్లటి మెరుపు గీత కనిపిస్తుంది. ఆ మెరుపు కనబడిందంటే దాన్ని ఆకురాయితో సరిచేద్దామని కూర్చోకండి. పైన గట్టిపరచిన పొర పోతే కొక్కెం ఇంకా త్వరగా అరుగుతుంది. కొత్తది వేయడమే దారి.

గ్యాసు లేకుండా అన్నీ సరిగ్గా ఉన్నాయి, గ్యాసు బిగించగానే గొడవ మొదలైంది అంటే తప్పు చాలావరకు కొక్కేనిది కాదు. ఇందులో అన్నిటికంటే భయపెట్టే లక్షణం ఒకటుంది. ఒకసారి నొక్కితే మార్కర్ తనంతట తాను టకటకమని కొట్టుకుంటూనే ఉంటుంది, వేలు తీసినా ఆగదు. బంతులు వెళ్తే పది అడుగుల్లో చతికిలబడతాయి. చూసినవాళ్లంతా ‘ట్రిగ్గర్ ఇరుక్కుపోయింది’ అంటారు. చాలాసార్లు జరిగింది వేరు. గ్యాసు ఒత్తిడి చాలక హ్యామర్ కొక్కెం దాకా వెనక్కి రాలేకపోయింది. సగం దారిలోనే స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు నెట్టింది, అది మళ్లీ వాల్వును గుద్దింది, మళ్లీ కాస్త గ్యాసు, మళ్లీ సగం దారి. గొట్టాన్ని నేలవైపు తిప్పి పిడిని వెనక్కి లాగి పడితే ఆగిపోతుంది. నిండు సిలిండర్ పెట్టినా ఇదే వరస అయితే అప్పుడు సియర్‌ను అనుమానించాలి, లేదంటే హ్యామర్ చుట్టూ ఉండే ఓ-రింగు చిరిగి గ్యాసు పక్కనుంచి జారిపోతుండాలి.

ఒత్తిడి ఎందుకు చాలదు? సిలిండర్ ఖాళీ అయితే సరే, నిండుగా ఉండి కూడా చాలకపోవడమేమిటి? ఇక్కడే చెన్నై ప్రవేశిస్తుంది.

ఇలాంటి మార్కర్లు కార్బన్ డయాక్సైడ్‌తో కూడా నడుస్తాయి. సిలిండర్‌లో అది కొంత ద్రవంగా, పైన కొంత ఆవిరిగా ఉంటుంది. ద్రవం ఒక్క చుక్క మిగిలున్నంత వరకూ లోపలి ఒత్తిడిని నిర్ణయించేది ఎంత మిగిలిందన్నది కాదు, ఎంత వేడిగా ఉందన్నదే. సున్నా డిగ్రీల దగ్గర అది సుమారు 35 బార్లు. 21 డిగ్రీల దగ్గర 58 దాటుతుంది. 30 డిగ్రీలకు 72. ఒక బార్ అంటే రమారమి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. 31 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 74 బార్ల ఒత్తిడిలో, ద్రవానికీ ఆవిరికీ మధ్య గీత చెరిగిపోతుంది. రెండూ కలిసి ఒకే పదార్థమవుతాయి, అది ద్రవమూ కాదు, వాయువూ కాదు. ఆ 31 డిగ్రీలనే దాని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఈ కార్బన్ డయాక్సైడ్ మీదే ప్రయోగాలు చేసి, 1869లో లండన్ రాయల్ సొసైటీ వేదిక మీద ఈ సంగతి వివరించాడు. చలిదేశంలో ఆయన దాన్ని చూడటానికి గాజుగొట్టాన్ని పనిగట్టుకుని వెచ్చబెట్టాల్సి వచ్చింది. చెన్నైలో ఏప్రిల్ నుంచి సిలిండర్‌ను బల్ల మీద పెట్టి ఊరుకుంటే చాలు, మధ్యాహ్నానికి అదే ఆ గీత దాటేస్తుంది.

గీత దాటాక లెక్క మారిపోతుంది. ఇక ఒత్తిడి సిలిండర్‌లో ఎంత కుక్కారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. లీటరు చోటులో 667 గ్రాములు నింపారనుకుందాం. 35 డిగ్రీల దగ్గర ఒత్తిడి 90 బార్ల దరిదాపుల్లో ఉంటుంది. 45 డిగ్రీలకు 120 చేరుతుంది. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం 2003 మే 31న నమోదు చేసింది సరిగ్గా ఆ 45 డిగ్రీలే. అది నీడలో కొలిచిన లెక్క. కత్తిరి అనే మండువేసవి రోజుల్లో ఎండలో పడేసిన సిలిండర్, మూసిన కారు డిక్కీలో ఉన్న సిలిండర్ అంతకంటే వేడెక్కుతాయి. ఈ గ్యాసును ఒత్తిడి చూసి కాకుండా తూకం వేసి నింపేది అందుకే. ఎక్కువ నింపితే పేలకుండా సిలిండర్ మెడలో ఒక పలుచని రాగి బిళ్ల ఉంటుంది, ముందు అది చిరిగి గ్యాసును వదిలేస్తుంది.

ఒత్తిడి పెరిగితే బంతి వేగం పెరుగుతుంది. ఉదయం సెకనుకు 280 అడుగులకు సరిచేసిన మార్కర్ మధ్యాహ్నం 300 దాటిపోవచ్చు. 300 అనేది ఆటలో దాటకూడదని పెట్టుకున్న గీత. మరీ పెరిగితే ఇంకో విచిత్రం జరుగుతుంది. వాల్వును మూసిపట్టేది కూడా ఆ ఒత్తిడే కాబట్టి హ్యామర్ దెబ్బకు అది సరిగా తెరుచుకోదు. నొక్కితే ‘టప్’మని ఒక పొడి చప్పుడు వచ్చి ఊరుకుంటుంది. మళ్లీ ట్రిగ్గర్‌కే తిట్లు!

ఇక నిండు సిలిండర్‌లో ఒత్తిడి చాలకపోవడం సంగతి. అదే మార్కర్ అదే మధ్యాహ్నం దీనికి నేరుగా ఎదురు తిరుగుతుంది కూడా. ఉత్సాహంతో గబగబా ఇరవై ముప్ఫై బంతులు కొడితే, బయటికి పోయిన గ్యాసు స్థానంలో లోపలిది వ్యాకోచించాలి, ద్రవం ఆవిరి కావాలి. దానికి కావలసిన వేడిని సిలిండర్ లోహం నుంచే లాక్కుంటుంది. సిలిండర్ చల్లబడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, హ్యామర్ సగం దారిలో ఆగిపోతుంది. చెన్నై గాలిలో ఉన్న తేమకు చల్లని సిలిండర్ మీద వెంటనే నీటిచుక్కలు పడతాయి. ఆ చుక్కలే రోగ నిర్ధారణ. సిలిండర్ చెమర్చి ఉండి మార్కర్ టకటకలాడుతుంటే ఏమీ విప్పొద్దు, ఐదు నిమిషాలు నీడలో పెట్టండి. కోలుకుంటే జబ్బు చలే. కోలుకోకపోతే సిలిండర్‌ను తూకం వేయండి. ద్రవం ఉన్నంతసేపూ గేజి ఒకే అంకె చూపిస్తుంది కాబట్టి ఎంత మిగిలిందో దానివల్ల తెలియదు. ఖాళీ బరువు సిలిండర్ మీదే ముద్రించి ఉంటుంది.

ఈ బాధ పడలేక చాలా ఆటస్థలాలు సంపీడిత గాలికి మారాయి. 200 లేదా 300 బార్ల దాకా నింపిన గాలిని సిలిండర్ మీదున్న రెగ్యులేటర్ సుమారు 55 బార్లకు తగ్గించి పంపిస్తుంది. గాలి ఆ ఒత్తిళ్లలో ద్రవం కాదు, 20 డిగ్రీలు వేడెక్కితే లోపలి ఒత్తిడి ఏడు శాతం పెరుగుతుంది, బయటికొచ్చే ఒత్తిడి మాత్రం మారదు. నా మటుకు చెన్నై వాతావరణానికి ఇదొక్కటే సరైన ఇంధనం. ఖర్చు ఎక్కువే, కంప్రెసర్ కావాలి. అయినా ట్రిగ్గర్ ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనితోనే పోతుంది.

వాటా అన్నాను కానీ, అన్నీ పోవు. సముద్రం ఉందిగా. మార్కర్ ఒళ్లు అల్యూమినియం, పిన్నులు ఉక్కు. రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉన్నచోట ఉప్పునీటి తడి చేరితే అక్కడొక బుల్లి బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియం. దాని మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, అది అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిన్ను చుట్టూ ఉండాల్సిన వెంట్రుకవాసి సందు మూసుకుపోతుంది. ఆటగాళ్ల చెమట కూడా ఉప్పునీరేనని మరిచిపోకూడదు. ఫలితం: నొక్కితే ట్రిగ్గర్ వెళ్తుంది, వదిలితే తిరిగి రాదు, వేలితో ముందుకు తోయాల్సి వస్తుంది. ట్రిగ్గర్‌ను నిజంగా నిందించదగిన సందర్భం దాదాపు ఇదొక్కటే, ఇదీ దాని తప్పు కాదు. పిన్ను తీసి, తెల్లపొడి తుడిచి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది.

నూనె అంటే కొబ్బరినూనె కాదు. ఇంట్లో అదే అందుబాటులో ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది, జనవరి తెల్లవారుజామున చెన్నై అంతకంటే చల్లగా ఉంటుంది. పైగా కొన్నాళ్లకు మక్కిపోయి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు, వాటిలోని ద్రావకాలు కొన్ని రకాల రబ్బరు రింగుల్ని ఉబ్బిస్తాయి. తయారీదారు చెప్పిన నూనె రెండు చుక్కలు, అంతే.

రంగుబంతి సంగతి వేరే కథ. అది 17.3 మిల్లీమీటర్ల అడ్డుకొలత, సుమారు 3 గ్రాముల బరువున్న జెలటిన్ గోళం. మందుల షాపులో దొరికే చేపనూనె మాత్ర తొడుగు కూడా ఇదే, తయారుచేసే పద్ధతీ ఇదే. తొలిరోజుల్లో ఈ బంతుల్ని చేసిచ్చింది మెత్తటి గొట్టపుమాత్రలకు పేరుపడ్డ ఆర్.పి. షెరర్ కంపెనీయే. లోపల ఉండేది అసలు పెయింటు కాదు, పాలీఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపిన రంగు. నీళ్లతో పోతుంది. జెలటిన్ ఒక ప్రొటీను, గాలిలో తేమను తాగి ఉబ్బి మెత్తబడుతుంది. గొట్టం లోపలి కొలతకూ బంతి కొలతకూ తేడా మిల్లీమీటరులో కొన్ని వంతులే. ఉబ్బిన బంతి ఆ దారిలో పట్టక బోల్టు కింద నలిగి చితుకుతుంది. రంగు కిందికి కారి సియర్ గూట్లో చేరుతుంది. ఆరాక జిగట మిగులుతుంది, కోల రంధ్రం బిగుసుకుంటుంది.

ఏసీ గదిలో దాచాం కదా అంటారు. అక్కడే ఇంకో మెలిక. వేసవిలో చెన్నై గాలిలోని తేమ 25 డిగ్రీల అటూ ఇటూలోనే నీటిచుక్కలుగా మారుతుంది. అంటే అంతకంటే చల్లగా ఉన్న ఏ వస్తువు బయటికి తెచ్చినా దాని మీద నీరు చేరుతుంది. 18 డిగ్రీల గది నుంచి తెచ్చిన బంతుల సంచిని మైదానంలో వెంటనే విప్పితే ప్రతి బంతీ చెమర్చుతుంది. సంచి మూతి విప్పకుండా బయటి వేడికి రానిచ్చి, ఆ తర్వాత తెరవాలి.

బ్యాటరీతో నడిచే మార్కర్లలో సియర్‌కు బదులు చాలావరకు మైక్రోస్విచ్, విద్యుత్ వాల్వు ఉంటాయి. ఇక్కడ ట్రిగ్గర్ లోహం లోహాన్ని తాకే స్విచ్చును మాత్రమే నొక్కుతుంది. గచ్చు మీద పడేసిన గోళీ ఆగేముందు నాలుగైదుసార్లు ఎగిరినట్టు, స్విచ్ కొనలు కూడా కలిసి విడిపోయి మళ్లీ కలుస్తాయి. కొన్ని మిల్లీసెకన్ల వ్యవహారం. సర్క్యూటుకు మాత్రం అది నాలుగైదు నొక్కుల్లా కనిపిస్తుంది. అందుకే మొదటి తాకిడి తర్వాత కొద్దిసేపు మిగతావాటిని పట్టించుకోవద్దని ప్రోగ్రాములో చెబుతారు. ఆ వ్యవధి మరీ తగ్గిస్తే ఒక నొక్కుకు రెండు బంతులు పోతాయి, మరీ పెంచితే గబగబా నొక్కిన నొక్కులు లెక్కలోకి రావు. స్విచ్ కొనలు ఉప్పుగాలికి మసిబారినా ఇవే లక్షణాలు. మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్ దుకాణాల్లో అడిగితే మైక్రోస్విచ్ దొరుకుతుంది. కొలత, మీట ఆకారం ఒకటేనా అని పాతదాన్ని పక్కన పెట్టి చూసుకోవాలి.

9 వోల్టుల బ్యాటరీ మోసం కూడా చెప్పాలి. మల్టీమీటర్ పెడితే 9కి దగ్గరగా చూపిస్తుంది, మార్కర్ మాత్రం ఉలకదు. మీటర్ దాదాపు కరెంటేమీ లాగదు కనుక ముసలి బ్యాటరీ కూడా దాని ముందు నిటారుగా నిలబడుతుంది. వాల్వు కాయిల్ ఒక్కసారిగా కరెంటు లాగేసరికి లోపలి నిరోధం వల్ల వోల్టేజి కూలబడుతుంది. మీటర్ అలాగే పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూడండి, ముల్లు గానీ అంకె గానీ దిగజారితే బ్యాటరీ మార్చండి. బంతి వచ్చిందో లేదో చూసే పరారుణ కాంతి ‘కళ్ల’ మీద రంగు పడినా కొన్ని మోడళ్లు జాగ్రత్తకోసం వేగం తగ్గించుకుంటాయి. దాన్నీ ‘ట్రిగ్గర్ స్లో అయింది’ అంటారు. దూది పుల్లతో తుడిస్తే పోయే జబ్బది.

చివరగా ఆడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. అద్దె మార్కర్‌ను మీరు విప్పకండి, గొట్టంలోకి తొంగి చూడకండి, మైదానంలో ఉండగా మాస్కు తీయకండి. సెకనుకు 280 అడుగులంటే గంటకు 300 కిలోమీటర్ల పైమాట, ఆ వేగంతో వచ్చే 3 గ్రాముల బంతి కంటికి తగిలితే చూపు పోతుంది. గొట్టానికి తొడుగు వేసి, ఆటను పర్యవేక్షించే మార్షల్‌కి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ‘ట్రిగ్గర్ పాడైంది’ అనకుండా ఏం విన్నారో, ఏం చూశారో చెప్పండి: ఒక నొక్కుకు ఎన్ని బంతులు వెళ్లాయి, ట్రిగ్గర్ తిరిగి వచ్చిందా లేదా, సిలిండర్ చేతికి చల్లగా తగిలిందా. ఆ మూడు సంగతులు తెలిస్తే మార్షల్‌కి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.